పెద్ద బండి అడిగిన కుమారుడు

నూరు సీసీ డర్ట్ బైకుపై సాధన చేసిన పదిహేడేళ్ల కుమారుడు 250 సీసీ బండి కోరుతున్నాడని ఒక తండ్రి మా సలహా అడిగారు. వెంటనే కాదనవలదు. మలుపులో బ్రేకు ఎప్పుడు వేయాలో, గుంతలపై నిలబడి బండిని ఎలా అదుపు చేయాలో అతడికి చేతికొచ్చిందా అని ముందు చూడండి. పెద్ద ఇంజనులో యాక్సిలరేటరు రవ్వంత ఎక్కువ తిప్పినా వెనుక చక్రం జారిపోతుంది. పడిన బండిని లేపగల బలమూ అవసరమే.

కవాసాకి కేఎక్స్250 వంటి పోటీ బండ్లకు హెడ్‌లైటు ఉండదు. వాటిని వీధిలో నడపరాదు, ట్రాక్‌కు వ్యానులో తీసుకువెళ్లాలి. 2019 చట్ట సవరణ ప్రకారం మైనరు రోడ్డుపై బండి నడిపితే తండ్రికే 3 ఏళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. ఈ సంగతి చాలా ఇళ్లలో తెలియదు.

హెల్మెట్, ఛాతీ కవచం, మోకాలి పట్టీలు, బూట్ల ఖర్చునూ బండి ధరలో కలపండి. ఆ సొమ్ము లేదంటే ఈ ఏడాది పాత బండే చాలు.