లీడర్‌షిప్ గడిలో అడ్డగీత పెట్టకండి

పోస్టు కొంచెం పెద్దది. డిగ్రీ చివర్లో ఉన్నవాళ్ళు, యూనివర్సిటీకి వెళ్దామనుకునేవాళ్ళు మాత్రం పూర్తిగా చదవండి.

పోయినేడు యూనివర్సిటీ చదువుకి ఒక లీడర్‌షిప్ స్కాలర్‌షిప్ ఫారం నింపాను. కులం, ఆదాయం, మార్కులు గబగబా రాసేశాను. తర్వాత ఒక గడి వచ్చింది. మీ నాయకత్వ అనుభవం రాయండి, సర్టిఫికెట్లు జతచేయండి అని. ఎన్‌సీసీ లేదు, డిబేట్ కప్పు లేదు, స్కూల్ కెప్టెన్ బ్యాడ్జి లేదు. అడ్డగీత పెట్టి పంపేశాను. రాలేదు. ఎలా వస్తుంది?

స్కాలర్‌షిప్ పోయినందుకు కాదు నా బాధ. ఆ గీత అబద్ధం, అందుకు.

అదే ఏడాది మా హాస్టల్లో మోటారు కాలిపోయి పదకొండు రోజులు వాగు నుంచి నీళ్ళు మోశాం. గదికొకరిని కూర్చోబెట్టి, అర్జీ రాసి, అందరిచేతా సంతకాలు పెట్టించి గ్రీవెన్స్‌కి తీసుకెళ్ళింది నేనూ, ఇంకో ఇద్దరం. నాలుగో రోజుకి మోటారు వచ్చింది. ఊళ్ళో అటవీ హక్కుల కమిటీ పెద్దలకి కాగితాలు చదివి చెప్పింది, ఎవరి పోడు ఎక్కడిదాకా ఉందో రాసిపెట్టింది కూడా నేనే. మా అమ్మానాన్న వేలిముద్ర వేస్తారు. ఇంట్లో మొదటి సంతకం నాది. ఇది నాయకత్వం కాకపోతే ఇంకేంటి?

ఫారాలు తయారుచేసే పెద్దలకి ఒక మాట. మీరు అడిగే సర్టిఫికెట్లు పట్నం స్కూళ్ళలో దొరుకుతాయి. డోలీ మోసినవాడికి సర్టిఫికెట్ ఎవరిస్తారు? పేదపిల్లల కోసం అని పేరు పెట్టి, డబ్బున్న బడిలో మాత్రమే దొరికే కాగితం అడగడం ఏం న్యాయం?

మనవాళ్ళకీ ఒక మాట. "అవి మనకి రావురా, రికమండేషన్ ఉండాలి" అనే సీనియర్లూ, మీరు ఎన్నిసార్లు అప్లై చేశారు? ఒక్కసారి కూడా రాయకుండానే తమ్ముళ్ళ చేతిలో పెన్ను లాక్కుంటున్నారు.

ఇంకో ఇబ్బంది ఉంది, అది నిజమైనది. ఫారం "నేను" అని రాయమంటుంది. మనం "మేము" అంటాం. 2006 అటవీ హక్కుల చట్టంలో కూడా హక్కులు తేల్చే పని మొదలయ్యేది గ్రామసభ నుంచే, దాని కమిటీలో 10 నుంచి 15 మంది ఉంటారు. అందరూ చేసింది నా ఒక్కడి పేరున రాస్తే దొంగతనంలా అనిపిస్తుంది. నాకూ అనిపించింది. కానీ "మేము చేశాం, అందులో అర్జీ రాసింది నేను" అంటే దొంగతనం కాదు, లెక్క చెప్పడం. అందరినీ కూర్చోబెట్టి ఒక మాట మీదకి తేవడమే అసలు నాయకత్వం. ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, 1928 ఒలింపిక్స్‌లో మన హాకీ జట్టుకి కెప్టెన్‌గా ఉన్న జైపాల్ సింగ్ ముండా 1946లో రాజ్యాంగ సభలో చెప్పింది ఇదే కదా. ఆదివాసులకి ప్రజాస్వామ్యం నేర్పక్కర్లేదు, వాళ్ళ దగ్గరే నేర్చుకోవాలని!

కాబట్టి ఇప్పటి నుంచే కాగితాలు దాచండి. అర్జీ జిరాక్స్, దాని రసీదు, గ్రామసభ తీర్మానం కాపీ, పని చూసిన మాస్టారు రాసిచ్చిన ఉత్తరం. తేదీ వేయండి. ఎంతమంది కలిశారు, ఏం మారింది రాయండి. చేయనిది మాత్రం ఒక్క ముక్క కూడా కలపొద్దు.

ఈసారి నేను మళ్ళీ అప్లై చేస్తున్నాను. వస్తుందో రాదో తెలీదు. మీలో ఎవరికైనా ఆ గడి దగ్గర చెయ్యి ఆగితే నాకు చెప్పండి, కలిసి కూర్చుని నింపుదాం. రాకపోతే వచ్చే ఏడాది మళ్ళీ రాద్దాం. అడ్డగీత మాత్రం వద్దు.

జై ఆదివాసీ!