గుండె వాల్వ్‌పై మొండి బ్యాక్టీరియా.. కోల్‌బెల్ట్‌లో 'జ్వరం ఇంజెక్షన్' ఎందుకు డేంజర్?

జ్వరం వస్తే ఒక ఇంజెక్షన్, నాలుగు గోళీలు. కాస్త తగ్గితే మళ్లీ డ్యూటీ. మస్టర్ పోవద్దనుకునే గోదావరిఖని, రామగుండం కార్మిక కుటుంబాల్లో చాలామందిది ఇదే లెక్క. కానీ వారాల తరబడి వచ్చి పోయే జ్వరం వెనక గుండె వాల్వ్ ఇన్ఫెక్షన్ ఉంటే ఈ లెక్కే ప్రాణం మీదికి తెస్తుంది.

అసలేంటీ జబ్బు?

దీని పేరు ఇన్ఫెక్టివ్ ఎండోకార్డైటిస్. రక్తంలో చేరిన బ్యాక్టీరియా వాల్వ్‌పై గడ్డలా పేరుకుంటుంది. అందులో ముక్క ఊడి మెదడుకు చేరితే పక్షవాతం రావొచ్చు. చిన్నప్పుడు రుమాటిక్ జ్వరంతో వాల్వ్ దెబ్బతిన్నవాళ్లకు, కృత్రిమ వాల్వ్ పెట్టించుకున్నవాళ్లకు, డయాలసిస్ పేషెంట్లకు రిస్క్ ఎక్కువ. ఆసుపత్రిలో చేరినా ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరు చనిపోతున్నారు.

మందుకు ముందే రక్తపరీక్ష

ఏ బ్యాక్టీరియా, దానికి ఏ మందు పనిచేస్తుంది? ఇది తేల్చేది బ్లడ్ కల్చర్. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే కనీసం మూడు శాంపిళ్లు తీయాలి. ముందే ఇంజెక్షన్ పడితే కల్చర్‌లో ఏమీ దొరక్కపోవచ్చు. అప్పుడు డాక్టర్లు అంచనాతో మందు ఇవ్వాల్సిందే. ఎంఆర్‌ఎస్‌ఏ లాంటి మొండి బ్యాక్టీరియా అయితే మామూలు మందులు పనిచేయవు. వాంకోమైసిన్ లేదా డాప్టోమైసిన్ నరం ద్వారా సాధారణంగా ఆరు వారాలు ఎక్కించాలి. దాదాపు సగం మందికి ఆపరేషన్ కూడా అవసరమవుతుంది.

ఆరు వారాలు ఎవరు భరించాలి?

సింగరేణి పర్మినెంట్ కార్మికుడికి కంపెనీ ఆసుపత్రి, రిఫరల్ ఉన్నాయి. రోజు కూలికి పనిచేసేవాళ్ల సంగతి వేరు. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెరిగింది. అయినా పోయిన కూలి, హైదరాబాద్‌లో తోడుండేవాళ్ల ఖర్చు అందులో రావు. 2019లో వచ్చిన డెన్మార్క్ ట్రయల్‌లో, పరిస్థితి కుదుటపడ్డ పేషెంట్లకు మిగతా కోర్సు గోళీలతో ఇచ్చినా ఫలితం తగ్గలేదు. అయితే అందులో ఎంఆర్‌ఎస్‌ఏ కేసులు లేవు. అంటే మొండి బ్యాక్టీరియాకు ఈ వెసులుబాటును నేరుగా వర్తింపజేయలేం.

ఇక్కడే ఏం చేయొచ్చు?

రామగుండం మెడికల్ కాలేజీ 2022లో మొదలైంది. మెడికల్ కాలేజీ అంటే మైక్రోబయాలజీ విభాగం తప్పనిసరి. కల్చర్ ఇక్కడే తీస్తే విలువైన రోజులు కలిసొస్తాయి. ఇక షెడ్యూల్ హెచ్1 రూల్ 2014 నుంచే అమల్లో ఉంది. దాని కిందికొచ్చే యాంటీబయాటిక్స్ అమ్మితే షాపువాళ్లు రిజిస్టర్‌లో రాయాలి. ఆ రిజిస్టర్లు తిరగేసే తనిఖీలు జరిగితేనే ఈ రూల్‌కు అర్థం.

వారం దాటినా జ్వరం తగ్గట్లేదా? వాల్వ్ సమస్య ఉందా? ఇంకో ఇంజెక్షన్‌కు ముందు ఒక్క మాట అడగండి.. 'బ్లడ్ కల్చర్ తీశారా?'