ఏడుగురన్నదమ్ముల జట్టు

రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకు వెళ్ళి ఏడు చేపలు తెచ్చిన కథ మీ అందరికీ వచ్చు. ఏడుగురన్నదమ్ములు ఒకే జట్టులో బంతాట ఆడి దేశమంతటినీ గెలిచిన కథ విన్నారా? ఇది కట్టుకథ కాదు. 1981లో ఐర్లండు దేశంలో నిజంగా జరిగింది.

ఐర్లండువారికి హర్లింగ్ అనే చాలా పాత ఆట ఒకటి ఉంది. జట్టుకు 15 మంది. ఒక్కొక్కరి చేతిలో నడుమెత్తు కర్ర. దాని కొస అట్లకాడలాగా వెడల్పుగా, చదునుగా ఉంటుంది. బంతి చిన్నదే గాని తోలుది, గట్టిది. దానిని నేలమీద కొట్టవచ్చు, గాలిలో కొట్టవచ్చు, కర్ర కొసన నిలబెట్టుకుని పరుగెత్తవచ్చు. ఈ చివరిది చూడవలసిన విద్య! చెంచాలో నిమ్మకాయ పెట్టుకుని పరుగెత్తే పందెం మీరు ఆడి ఉంటారు గదా? వెనకనుంచి నలుగురు కర్రలతో తరుముతూ ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

మైదానం రెండు చివరలా రెండేసి పొడుగాటి స్తంభాలు, వాటికి అడ్డంగా ఒక కమ్మీ ఉంటాయి. బంతి కమ్మీ పైనుంచి పోతే ఒక పాయింటు. కమ్మీ కిందనుంచి వలలో పడితే గోలు. గోలు ఒకటికి మూడు పాయింట్లు. ఈ లెక్క గుర్తుంచుకోండి, దీనితో పని ఉంది.

ఇటువంటి ఆటలను నడపటానికి 1884లో థర్ల్స్ అనే ఊళ్ళో గేలిక్ క్రీడాసంఘం ఏర్పడింది. దాని పద్ధతి నాకు చాలా నచ్చింది. ఆటగాళ్ళకు జీతం లేదు. ఎంత గొప్పవాడైనా తెల్లవారితే పొలానికో, బడికో, ఆఫీసుకో పోవలసిందే. డబ్బిచ్చి ఆటగాళ్ళను కొనితెచ్చుకోవటం లేదు. అందుచేత చిన్న ఊరు పెద్ద పట్నాన్ని ఓడించాలంటే తన పిల్లలకు తానే ఆట నేర్పుకోవాలి.

కిల్కెన్నీ జిల్లాలో బాలీహేల్ అటువంటి చిన్న ఊరు. పక్కనున్న నాక్‌టోఫర్, నాక్‌మోయిలన్‌లతో కలిసి 1972లో బాలీహేల్ షామ్‌రాక్స్ అనే క్లబ్బు పెట్టుకున్నది. షామ్‌రాక్ అంటే ఐర్లండువారు ముచ్చటపడే మూడాకుల మొక్క. మూడూళ్ళకు మూడాకుల పేరు, బాగానే కుదిరింది!

1978లో మొదటిసారి జిల్లా గెలిచారు. 1981లో క్లబ్బుల అఖిల ఐర్లండు పోటీలో ఫైనలుదాకా వచ్చారు. ఎదుటివారు కార్క్ మహానగరంనుంచి వచ్చిన సెయింట్ ఫిన్‌బార్స్. బాలీహేల్ జట్టులో ఏడుగురు ఫెనెలీ ఇంటి అన్నదమ్ములే. గెలుపు పల్లెటూరిది. మట్టికొట్టుకున్న ఆ ఏడు జతల బట్టలూ ఎవరు ఉతికారో గాని, వారికీ ఒక పతకం ఇవ్వవలసింది.

తరువాత ఈ క్లబ్బులోనే హెన్రీ షెఫ్లిన్ తయారైనాడు. కిల్కెన్నీ జిల్లా జట్టుతో మైదానంలో ఆడి పది అఖిల ఐర్లండు పతకాలు గెలుచుకున్న మొదటివాడు అతడే. ఆడటం మానినాక తన ఊరి జట్టుకే శిక్షణ ఇచ్చి 2019లోనూ, 2020లోనూ గెలిపించాడు.

కరోనా మూలంగా 2021లో పోటీ జరగలేదు. 2022 ఫిబ్రవరిలో, వరసగా మూడో గెలుపుకోసం, బాలీహేల్ మళ్ళీ డబ్లిన్ నగరంలోని క్రోక్ పార్కులో ఫైనలు ఆడింది. ఎదుట వాటర్‌ఫర్డ్ జిల్లా బాలీగన్నర్. ఆట అయిపోవచ్చింది. బాలీహేల్ రెండు పాయింట్లు ముందుంది. ఇంక ఒక పాయింటు వేసినా బాలీగన్నర్‌కు లాభం లేదు. వేస్తే గోలే వేయాలి. వేశారు! బాలీహేల్‌కు 1 గోలు, 19 పాయింట్లు. బాలీగన్నర్‌కు 2 గోళ్ళు, 17 పాయింట్లు. లెక్క మీరే కట్టండి, ఎంత తేడాతో పోయిందో!

ఆ డిసెంబరులోనే ఈ రెండు జట్లూ సెమీఫైనల్లో తలపడ్డాయి. ఈసారి బాలీహేల్ గెలిచింది. 2023 జనవరిలో డన్‌లాయ్‌ని కూడా ఓడించి, తొమ్మిదోసారి కప్పు ఇంటికి తెచ్చుకున్నది. అప్పటికి ఇంకే క్లబ్బూ అన్నిసార్లు గెలవలేదు.