తీర్పు ఏ భాషలో ఉన్నా గడువు ఆగదు

శిక్ష పడ్డ రోజు ఇంట్లో ఏడుపులు, వకీలు కోసం పరుగులు. ఆ హడావిడిలో మనం మరిచేది రోజుల లెక్క. 1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం మెజిస్ట్రేటు వేసిన శిక్షపై సెషన్స్ కోర్టులో అప్పీలుకు 30 రోజులు, సెషన్స్ శిక్షపై హైకోర్టుకు 60. ఉరిశిక్షకైతే 30 రోజులే. ప్రాణం మీదికొచ్చిన కేసుకే తక్కువ గడువేమిటో, మాకైతే మింగుడుపడదు.

మనకున్న అసలు చిక్కు భాష. ఇంట్లో మాట తెలుగు. హోసూరులోనో బళ్లారిలోనో తీర్పు వచ్చేది ఇంగ్లీషులోనో రాష్ట్ర భాషలోనో. అప్పీలుకు వీలున్న తీర్పు నకలు ముద్దాయికి ఉచితంగా ఇవ్వాలి. కోరితే, వీలైతే, అతని భాషలో అనువాదమూ ఇవ్వాలంటుంది నాగరిక సురక్షా సంహిత 404వ సెక్షన్. ఆ ‘వీలైతే’లోనే మెలిక ఉంది. అయినా అడగాలి, అడగనివారికి అదీ రాదు.

కానీ అనువాదం కోసం అప్పీలు ఆపుకోవద్దు. సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టాక అది తయారయ్యేదాకా పట్టిన రోజులు గడువులో కలవవు. దరఖాస్తే పెట్టకుండా గడిపిన రోజులు మాత్రం మన ఖాతాలోనే. గడువు దాటితే తగిన కారణం చూపి మన్నింపు కోరవచ్చు, ఇవ్వడం కోర్టు విచక్షణ. జైల్లో ఉన్నవారు అప్పీలు పత్రం జైలు అధికారికే ఇవ్వవచ్చు. ములాఖత్‌కు వెళ్లినప్పుడు ఈ సంగతి చెప్పి రండి.