చికిత్స ఉచితం, దారి ఖర్చు ఎవరిది?

గిద్దలూరు, కొమరోలు, కంభం వైపు సంఘాల్లో ప్రార్థన మనవులు చదువుతుంటే ఈమధ్య రెండు మాటలు తరచుగా వినబడుతున్నాయి: అమ్మకు కీమో, నాన్నకు కరెంటు. రేడియేషన్‌ను మన పల్లెల్లో కరెంటు పెట్టడమనే అంటారు. ఆ మనవి వెనుక రోగం ఒక్కటే లేదు, అప్పు కూడా ఉంది. దాన్ని మాత్రం ఎవరూ చీటీ మీద రాయరు.

2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైంది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేరు మారి ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తోంది. క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో, రేడియేషన్ దీని కింద చేయించుకోవచ్చు. 2023 డిసెంబరులో పరిమితిని 25 లక్షలకు పెంచారు. ఇది చిన్న మేలు కాదు. పొలం అమ్మితే తప్ప వైద్యం లేదన్న రోజులు మనలో చాలామందికి గుర్తే.

అయితే కార్డు చెల్లేది ఆసుపత్రి గుమ్మం లోపలే. రేడియేషన్ సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున ఐదారు వారాలు సాగుతుంది. పశ్చిమ ప్రకాశం వాళ్లు అందుకోసం గుంటూరో, కర్నూలో, హైదరాబాదో పోవాలి. గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో నాట్కో ట్రస్టు కట్టించిన క్యాన్సర్ కేంద్రం ఉంది, మంచిదే. కానీ గిద్దలూరు నుంచి రోజూ వెళ్లి వచ్చే దూరం కాదది. అక్కడే ఉండాలి. తోడు ఒకరుండాలి.

లెక్క వేసి చూద్దాం. తోడు వెళ్లిన కొడుకు కూలి రోజుకు ఆరు వందలనుకుంటే, ఆరు వారాల్లో 36 పనిదినాలకు 21,600 రూపాయలు పోయినట్టే. ఇద్దరికీ గది, తిండి కలిపి రోజుకు ఐదు వందలే అనుకున్నా 42 రోజులకు 21,000. మొత్తం 42,600. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలనెలా 1,278 రూపాయలు వడ్డీకే కట్టాలి. రోగం తేలేముందు చేతి నుంచి పెట్టిన స్కానింగులు, ముక్క పరీక్షలు ఇందులో కలపలేదు. కౌలుకు కందో మిర్చో వేసి, వాన కోసం ఆకాశం వైపు చూసే ఇంటికి ఇది మోయగల బరువేనా?

2019 డిసెంబరులో మొదలుపెట్టిన ఆరోగ్య ఆసరా ఈ నష్టాన్ని కొంత గుర్తించింది. చికిత్స తర్వాత విశ్రాంతి కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా ఇస్తామన్నారు. ఆలోచన సరైనదే. తోడు వెళ్లినవాళ్ల కూలి మాత్రం అందులోనూ లేదు.

ఇక బకాయిల గొడవ. డబ్బు రాలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు 2025 అక్టోబరులో సేవలు ఆపేశాయి. అంతకు నెల ముందే, రెండున్నర లక్షల వరకు బీమా, ఆపైన ట్రస్టు అనే కొత్త పద్ధతికి మంత్రివర్గం ఒప్పుకుంది. బిల్లు బీమా కంపెనీ కట్టినా, ట్రస్టు కట్టినా రోగికి ఒకటే. సకాలంలో కట్టకపోతేనే కీమో తేదీ తప్పుతుంది.

మార్కాపురం వైద్య కళాశాలకు 2021 మే 31న శంకుస్థాపన జరిగింది. 2025 సెప్టెంబరులో దాన్ని పీపీపీ పద్ధతికి మళ్లించారు. ఆ తగవు ఇంకా చాలాకాలం సాగేలా ఉంది. మా దృష్టిలో ఈలోగా గట్టిగా అడగవలసింది మరొకటి ఉంది. జిల్లా ఆసుపత్రులన్నిటిలో మూడేళ్లలో డే కేర్ క్యాన్సర్ కేంద్రాలు పెడతామని 2025 కేంద్ర బడ్జెట్ చెప్పింది. మార్కాపురం ఇప్పుడు జిల్లా కేంద్రం. పెద్ద డాక్టరు ఒకసారి మందు నిర్ణయించాక చాలా రకాల కీమో దగ్గరి ఆసుపత్రిలోనే ఎక్కించుకుని సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు. ఎమ్మెల్యే గారి దగ్గరికి సీఎం సహాయ నిధి కోసం వెళ్లేవాళ్లు ఈ మాట కూడా అడగాలి.

సంఘం సంగతికి వద్దాం. మార్కు సువార్త ఏడవ అధ్యాయంలో ప్రభువు కొర్బాను విషయం ఎత్తాడు. దేవునికి అర్పించేశామని చెప్పి తల్లిదండ్రులకు చేయవలసింది ఎగ్గొట్టేవాళ్లను ఆయన గద్దించాడు. మరి తల్లికి కీమో నడుస్తున్న ఇంటి నుంచి మ్రొక్కుబడి కానుక ఆశించే కాపరిని ఏమనాలి? స్వస్థత కూటంలో చెయ్యి పెట్టి, ఇక మందులు మానేయమనేవాళ్లు ఇంకా ప్రమాదకరం. ప్రార్థన చేయండి, తప్పక చేయండి. చికిత్స మాన్పించే అధికారం మాత్రం మనకు ఎవరూ ఇవ్వలేదు.

అన్నదమ్ముల మధ్య వాటాల తగాదా కూడా సంఘ పెద్దలకు తెలియనిది కాదు. డబ్బు ఎవరివ్వాలో కొడుకులు తేల్చుకునేలోపు ఆసుపత్రిలో రాత్రుళ్లు మేలుకొని ఉండేది ఎక్కువగా కూతురో కోడలో. ఆమె కూలిని ఎవరూ లెక్కలోకే తీసుకోరు.

మన ప్రాంతపు బాప్టిస్టు సంఘాలకు జాన్ క్లౌ దొరగారి పేరు కొత్త కాదు. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల పని గుత్తకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. ఆ సహాయం నడిచినన్నాళ్లు బాప్తిస్మాలు ఆపి ఉంచాడు. అన్నం పెట్టి మతం ఇచ్చారన్న మాట రాకూడదని.

ఇప్పుడు చేయగలిగినవి అంతకన్నా చిన్న పనులు. క్యాన్సర్ రోగికి రైల్లో స్లీపర్, థర్డ్ ఏసీ టికెట్టు పూర్తిగా ఉచితం, తోడు వెళ్లే ఒకరికి 75 శాతం రాయితీ. దానికి ఆసుపత్రి ఇచ్చే ధ్రువపత్రం కావాలి. గిద్దలూరు, కంభం, మార్కాపురం రోడ్డు స్టేషన్లు గుంటూరు లైను మీదే ఉన్నా, ఇది తెలియక పూర్తి ఛార్జీ పెట్టుకునేవాళ్లున్నారు. యువజనులు ఆ పత్రం సంగతి చూసుకోవచ్చు. గాయపడినవాణ్ణి పూటకూళ్ల ఇంట్లో దింపిన సమరయుడు బస ఖర్చు కూడా తానే కట్టాడు. మార్కాపురం, కంభం, గిద్దలూరు సంఘాలు కలిసి గుంటూరు పెద్దాసుపత్రి దగ్గర రెండు గదులు అద్దెకు తీసుకుంటే బాగుంటుంది. ఏ కులమని, ఏ సంఘమని అడగకుండా ఇవ్వాలి. గ్యాసు పొయ్యి, నాలుగు గిన్నెలు తప్పక ఉంచాలి. కీమో రోజుల్లో హోటలు కూడు నోటికి పోదు, కాస్త జావ కాచి ఇవ్వాల్సి వస్తుంది.