కట్టప్పకి పెండ్లాం పిల్లోళ్లు ఉండారా?

'బాహుబలి'లో మీకు అస్సలు నచ్చని మనిషి ఎవరు? భల్లాలదేవుడు, బిజ్జలదేవుడు అని మాత్రం చెప్పొద్దు. అవి పాస్ మార్కుల జవాబులు. మంచివాళ్ల జట్టులో ఉండి కూడా మీకు ఒళ్లు మండించేది ఎవరు? చెడ్డవాళ్ల జట్టులో ఉండి కూడా 'అయ్యో పాపం' అనిపించేది ఎవరు? ఈ రెండు ప్రశ్నలూ నలుగురి మధ్యలో పడేసి చూడండి. టీ చల్లారిపోతుంది, ఎవరూ తాగరు.

2025 అక్టోబరు 31న రెండు భాగాలూ కలిపి 'బాహుబలి: ది ఎపిక్' అని వచ్చింది కదా. ఆ శనివారం నంద్యాలలో సినిమా చూసి బయటికొచ్చాక నేను ఈ పనే చేశాను. నేను, మా పిన్ని కూతురు, మా బాబాయి కొడుకు, దీనికోసమే ఆళ్లగడ్డ నుంచి బస్సెక్కి వచ్చిన నా ఫ్రెండు. మొదటి భాగం 2015 జులైలో వచ్చినప్పుడు మా చెల్లెలు ఐదో తరగతి. అప్పుడు దానికి నచ్చింది జలపాతం ఒక్కటే. ఇప్పుడు డిగ్రీ ఆఖరి సంవత్సరం. ఇష్టాయిష్టాలు మారవా మరి!

అన్నట్టు, మాహిష్మతి మీద మా వైపు వాళ్లకి కొంచెం హక్కు ఉంది. 2013 జులై 6న షూటింగ్ మొదలైంది ఓర్వకల్లు రాళ్లలోనే. నంద్యాల నుంచి కర్నూలు పోయే బస్సులో కిటికీ సీటు దొరికినవాళ్లందరికీ తెలిసిన రాళ్లు అవి. కాబట్టి ఈ కుటుంబం గొడవలో మేం తలదూర్చడం తప్పేం కాదు.

తమ్ముడు మొదలుపెట్టాడు. వాడి కోపమంతా శివగామి మీద. "కన్నకొడుకూ పెంచిన కొడుకూ ఇద్దరూ సమానమే అన్న మనిషి, ఒక్క నాటకానికి పడిపోయింది కదన్నా. విచారణ లే, సాక్ష్యం లే, పిలిపించి ఒక మాట అడిగింది లే. నేరుగా చంపెయ్ అనింది. అంత పెద్ద రాజ్యం ఎట్లా నడిపిందో!"

వాడు చెప్పింది నిజమే. కుమార వర్మని రెచ్చగొట్టి, భల్లాలుడి మీదికి పంపి, ఆ నేరాన్ని అమరేంద్రుడి నెత్తిన రుద్దారు. శివగామి కథ మొత్తంలో నమ్మిన అబద్ధం అదొక్కటే, దాంతోనే అంతా పోయింది. అయినా ఆమెని పూర్తిగా ద్వేషించడం నావల్ల కాలేదు. ఎందుకంటే ఆమెని మనం మొట్టమొదట చూసిందే ఏట్లో మునిగిపోతూ పసిబిడ్డని ఒంటి చేత్తో నీళ్లపైకి ఎత్తి పట్టుకున్నప్పుడు. తప్పు కన్నా ముందే ప్రాయశ్చిత్తం చూపించేశారు. రచయిత విజయేంద్ర ప్రసాద్, దర్శకుడు రాజమౌళి మనల్ని ముందే కట్టిపడేశారన్నమాట.

తర్వాత మా ఫ్రెండు వంతు. వాడికి నచ్చంది దేవసేన. "పొగరు ఎక్కువప్పా. పెద్దామె ముందర అట్ల మాట్లాడొచ్చునా? కొంచెం తగ్గుంటే ఇంత జరిగేది కాదు."

మా చెల్లెలు టీ గ్లాసు కింద పెట్టింది. "తగ్గాలా? ముక్కూ మొహం తెలియనోడికి సంబంధం కలుపుతా నగలు పంపించినారు. ఇష్టమా అని ఎవురన్నా అడిగినారా? వద్దంటే బందీగా పట్టుకు రమ్మన్నారు. వచ్చినాక సభలో అందరి ముందరా, నువ్వు వీని పెండ్లానివి కాదు, వానికి అన్నారు. గుడికాడ ఆడోళ్ల మీద చేతులేసినోని వేళ్లు నరికితే, నిండు కడుపుతో ఉన్న మనిషికి సంకెళ్లు వేసి నిలబెట్టినారు. తర్వాత 25 ఏండ్లు గొలుసులతో కట్టేసినారు. ఇంత జరిగితే పొగరు ఆమెదా?"

ఎవరూ మాట్లాడలేదు. అది ఆగలేదు. "నేను మొన్న సంబంధం వద్దంటే ఇంట్లో అందరూ అన్న మాట కూడా ఇదే కదా అన్నా."

ఆ 'అందరూ'లో తమ్ముడున్నాడు, పిన్ని ఉంది. నేను ఊళ్లో లేను కాబట్టి తప్పించుకున్నాను. లేకపోతే ఏమనేవాడినో!

అవంతిక పేరు మాత్రం ఎవరూ ఎత్తలేదు. కొత్త ఎడిటింగులో ఆమె ప్రేమకథకి చాలావరకు కత్తెర పడింది, మాట్లాడటానికి పెద్దగా మిగల్లేదు. కత్తి పట్టుకుని యుద్ధానికి సిద్ధమైన పిల్లని హీరో బొట్టూ కాటుకా పెట్టి 'అందంగా' తయారుచేసే ఆ సీన్ మీద 2015లోనే గట్టి విమర్శలు వచ్చాయి. ఇప్పుడు కథలో ఆమే తగ్గిపోయింది. విమర్శకి ఇది జవాబా, ఇంకో రకం అన్యాయమా అన్నది మీకే వదిలేస్తున్నా.

నా ఓటు ఎవరికి అంటే, జాలి కేటగిరీలో బిజ్జలదేవుడికి. నవ్వకండి. ఆయన చెయ్యి వంకర కాబట్టి సింహాసనం దక్కలేదని ఆయన ఏడుపు. కాదు, బుద్ధి వంకర కాబట్టి అంటుంది సినిమా. సరే, ఒప్పుకున్నా. మరి బుద్ధి వంకరని చూపించడానికి ఆ మనిషికి చెయ్యి వంకర ఎందుకు పెట్టినట్టు? పాత సినిమాల్లో శకుని కుంటడం దగ్గర్నుంచీ మనకి ఇదే అలవాటు. అవిటితనం కనిపించగానే కుట్ర వాసన వచ్చేస్తుంది. నాజర్ అంత బాగా చెయ్యకపోయుంటే ఈ ప్రశ్న నాకూ వచ్చేది కాదేమో.

ఇంత గొడవలో నలుగురం ఒక్క మనిషి దగ్గర మాత్రం ఏకమయ్యాం. కట్టప్ప. తమ్ముడికి ఇష్టం, చెల్లెలికి ఇష్టం, దేవసేనని తిట్టిన మా ఫ్రెండుకీ ఇష్టమే. ఒక్క కంప్లయింటూ లేదు.

అక్కడ నాకు ఆశ్చర్యమేసింది. చంపమన్న శివగామి మీద కోపం ఉంది. ఎదురు మాట్లాడిన దేవసేన మీద కోపం ఉంది. వెనక నుంచి కత్తి దించినవాడి మీద మాత్రం ఎవరికీ కోపం లేదు! 2015 నుంచి 2017 ఏప్రిల్ 28 దాకా దేశమంతా ఒకటే ప్రశ్న అడిగింది గుర్తుందా? కట్టప్ప బాహుబలిని 'ఎందుకు' చంపాడు అని. 'ఎట్లా చంపబుద్ధయింది' అని ఎవరూ అడగలేదు. ఏదో బలమైన కారణం ఉండే ఉంటుందని తీర్పు ముందే ఇచ్చేసి, కారణం కోసం రెండేళ్లు ఎదురుచూశాం.

కారణం దొరికింది కూడా. నువ్వు చంపకపోతే నేనే చంపుతానంటుంది శివగామి. బిడ్డ రక్తం తల్లి చేతికి అంటకూడదని ఆయన ఆ పని తన మీద వేసుకుంటాడు. సత్యరాజ్ మొహం చూస్తే మనకే ఏడుపొస్తుంది. పైగా అమరేంద్రుడు ఆయన్ని 'మామా' అంటాడు. ఆ పిలుపుతో మనకీ మామ అయిపోయాడు. ఎవరినైనా వరస పెట్టి పిలిచాక తప్పు పట్టడం కష్టం.

వరస సంగతి వచ్చింది కాబట్టి, మరుసటి రోజు ఆళ్లగడ్డ బస్సులో సాగిన పంచాయితీ కూడా చెప్పేస్తాను. నంద్యాల నుంచి శిరివెళ్ల మీదుగా 40 కిలోమీటర్లు, అంతా ఇదే గోల. తమ్ముడు 'దానవీరశూర కర్ణ' తెచ్చాడు. 1977లో ఎన్టీఆర్ కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు మూడూ తానే వేసి, దుర్యోధనుడికి డ్యూయెట్ కూడా పెట్టుకున్నాడు. అప్పటి నుంచి తెలుగువాడికి సుయోధనుడంటే ఒక మెత్తదనం. 1967 'భక్త ప్రహ్లాద' చూసినవాళ్లలో ఎస్వీ రంగారావు హిరణ్యకశిపుడిని మెచ్చుకోనివాళ్లు ఎవరైనా ఉన్నారా? అంటే మనకి విలన్లని ఇష్టపడటం కొత్త కాదు. భల్లాలుడికి ఫ్యాన్స్ ఉన్నారంటే వింతేముంది.

ఆళ్లగడ్డలో దిగితే శిల్పాల అంగళ్లు కనిపిస్తాయి. ఉలి చప్పుడు, రాతిపొడి. ఇండ్లల్లోకి అడిగేది లక్ష్మీనరసింహుడినే అన్నాడు మా ఫ్రెండు. ఉగ్రరూపం గుళ్లకే. అక్కడికి దగ్గర్లోనే అహోబిలం. హిరణ్యకశిపుడిని చీల్చింది అక్కడేనని స్థలపురాణం. కానీ ఆ కొండల్లోని చెంచులకి స్వామి ఉగ్రుడు కాదు, ఇంటల్లుడు. చెంచులక్ష్మిని చేసుకున్నాడు మరి. సంక్రాంతి అయ్యాక పారువేట ఉత్సవంలో పల్లకీ ఎక్కి 40 రోజులకు పైగా ఊరూరూ తిరిగి, తన పెళ్లికి తానే పిలుచుకుంటాడు. పేగులు తీసిన దేవుడు కూడా చుట్టరికం కలిస్తే ముద్దొస్తాడు. కట్టప్ప మామ ఎంత!

మా ఫ్రెండు వాళ్ల ఊరు ఆళ్లగడ్డకి కొంచెం అవతల. ఊరి పేరు రాయొద్దన్నాడు, రాయను. వాళ్ల అబ్బ (మా వైపు తాతని అబ్బ అంటాం) అరుగు మీద కూర్చుని మా వాదన అంతా విన్నాడు. 'బాహుబలి' టీవీలో ఎన్నిసార్లు వచ్చిందో అన్నిసార్లూ చూశాడట. చివరికి అడిగాడు.

"కట్టప్ప మంచోడే. ఇంతకీ ఆయప్పకి పెండ్లాం పిల్లోళ్లు ఉండారా?"

మేం మొహాలు చూసుకున్నాం. సినిమాలో లేరు. ఉన్నట్టు ఒక్క మాట కూడా లేదు. తరతరాలుగా సింహాసనానికి బానిసలమని ఆయనే చెప్తాడు. అస్లం ఖాన్ నీకు స్వేచ్ఛ ఇప్పిస్తానన్నా వద్దంటాడు. ఆ తరాలు ఆయనతోనే ఆగిపోయాయా, ఇంట్లో ఇంకో చిన్న కట్టప్ప పెరుగుతున్నాడా అన్నది మాకు ఎప్పుడూ తట్టలేదు.

"లేరబ్బా," అన్నాను.

"అయితే సులువే," అన్నాడు.

మిగతాది మా ఫ్రెండు తర్వాత చెప్పాడు. కొంత ఆయన ముందే చెప్పాడు, ఆయన ఊ కొట్టాడు. వయసులో ఉన్నప్పుడు ఒక పెద్దింట్లో జీతానికి ఉన్నాడు. గంజి పోసిన ఇల్లు. ఒక రోజు కొట్లాట జరిగింది. ఎవరు చేశారన్నది పక్కన పెడితే, చేసింది నేనే అని ఒప్పుకోమన్నారు. ఒప్పుకున్నాడు. లోపల ఉండగా కూతురు పుట్టింది. ఆ ఇంటి నుంచి కొన్ని నెలలు బియ్యం మూట వచ్చేది, తర్వాత ఆగిపోయింది. జేజి కూలికి పోయి పిల్లల్ని సాకింది. ఆయన బయటికొచ్చిన కొన్నేళ్లకి ఆ రెండు పెద్దిండ్లూ రాజీ అయ్యాయి, వియ్యం కూడా అందుకున్నాయి.

"పత్రిక మా ఇంటికీ వచ్చింది," అన్నాడు ఆయన. అంతే. కోపం లేదు, నవ్వూ లేదు.

"పోయినారా?" అని అడిగింది మా చెల్లెలు.

"పోకుండా ఎట్లా? ఉప్పు తిన్న ఇల్లు."

నంద్యాల, ఆళ్లగడ్డ అనగానే హైదరాబాదు హాస్టల్లో 'మీ ఊళ్లో బాంబులేస్తారా' అని అడిగించుకున్న పిల్లలం మేం. 1999లో 'సమరసింహారెడ్డి' హిట్టయినప్పటి నుంచి మా ఊళ్ల గురించి సినిమాలకి సుమోలు, వేటకొడవళ్లు తప్ప ఇంకోటి కనపడలేదు. అందుకే నేను ఈ కాలమ్‌లో ఫ్యాక్షన్ మాట ఎత్తను. ఈ రోజు కూడా కొడవళ్ల కోసం ఎత్తలేదు. ఆ సినిమాల్లో హీరో వెనక వరసలో నిలబడే మనుషులు ఉంటారే, పేర్లుండవు, డైలాగులుండవు, అయ్య చెయ్యెత్తితే ఉరుకుతారు, ఇంటర్వెల్‌కి చచ్చిపోతారు. వాళ్లు మనకి నచ్చుతారు. ఎందుకు నచ్చుతారు? ఎదురు అడగరు కాబట్టి. కట్టప్పని చూసినప్పుడు నాకు కళ్లలో నీళ్లు తిరిగింది ఆయన మంచితనానికే అనుకున్నాను. అందులో సగం ఆయన విధేయతకి అని ఆ అరుగు దగ్గర అనిపించింది. మాహిష్మతి సభలో శివగామిని సూటిగా నిలదీసింది దేవసేన. ఆమెకి దక్కిన బిరుదు పొగరు.

కట్టప్పని ఇక ఇష్టపడొద్దని అనడం లేదు. నాకు ఇప్పటికీ ఇష్టమే. ఆ కథలో అమరేంద్రుడిని కన్నబిడ్డలా చూసింది ఆయనే. నిజం తెలియగానే పరిగెత్తి శివగామికి చెప్పిందీ ఆయనే. కానీ కత్తి దించాక తెలిసిన నిజంతో దేవసేనకి ఏం లాభం? ఆ తర్వాత ఆ 25 ఏళ్లూ ఆమె గొలుసులతో పుల్లలు ఏరుకుంటుంటే, ఆయన అదే కోటలో అదే సింహాసనానికి కాపలా కాశాడు. ఇది మాత్రం నాకు నచ్చదు. తమ్ముడు ఒప్పుకోలేదు. "మాట ఇచ్చినాడన్నా" అంటాడు. బస్టాండు దాకా అదే అన్నాడు.

బయల్దేరేముందు అబ్బకి ఇంకో సంగతి చెప్పాను. ఆనంద్ నీలకంఠన్ 'బాహుబలి'కి ముందు జరిగిన కథని ఇంగ్లీషులో నవలలుగా రాశాడు. మొదటిది 'ద రైజ్ ఆఫ్ శివగామి' 2017లో వచ్చింది. అందులో కట్టప్పకి తండ్రి ఉంటాడు, శివప్ప అని ఒక తమ్ముడు కూడా ఉంటాడు. ఆ తమ్ముడికి బానిస బతుకు పడదు. అన్నతో తగువు పెట్టుకుని, ఎదురు తిరిగినవాళ్లతో కలుస్తాడు.

ఆయన అప్పటిదాకా గోడకి ఆనుకుని ఉన్నవాడు ముందుకి జరిగాడు. "ఆ చిన్నోడు ఏమైనాడు? బతికినాడా?"

ఆయనకి ఏం చెప్పానో ఇక్కడ రాస్తే నవల చదవబోయేవాళ్లు నన్ను తిడతారు. మా చెల్లెలు మాత్రం ఆ పుస్తకం తెప్పించుకుని, ఆదివారాలు ఫోన్ చేసి ఆయనకి తెలుగులో చెప్తోంది. పోయిన వారానికి సగం అయింది. మధ్యలో ఆపి ఆయన రోజూ ఒకటే అడుగుతాడట, ఆ తమ్ముడి మాట వచ్చిందా అని. కట్టప్ప సంగతి అడగడట.