క్లైమాక్స్‌ చెప్పొద్దు ప్లీజ్‌!

‘కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు?’... 2015 జులైలో మొదటిభాగం చూసినవాళ్లంతా ఈ ప్రశ్నకి జవాబు కోసం 2017 ఏప్రిల్‌ దాకా ఎదురుచూశారు. తీరా రెండోభాగం విడుదలయ్యాక, టికెట్‌ దొరకనివాళ్లకి అసలు పరీక్ష మొదలైంది. పక్కవాళ్లు నోరు జారితే అన్నాళ్ల ఎదురుచూపూ వృథానే! ఈ భయంతోనే 1960లో ‘సైకో’ తీసిన హిచ్‌కాక్‌, సినిమా మొదలయ్యాక హాల్లోకి ఎవర్నీ రానివ్వొద్దన్నాడు. ముగింపు బయటపెట్టొద్దని ప్రేక్షకుల్నీ కోరాడు. ఇప్పుడైతే గుట్టు విప్పేది చేతిలోని ఫోనే. అందుకే సినిమా చూసేదాకా వాట్సాప్‌ గ్రూపుల జోలికి వెళ్లకండి. ‘ఎక్స్‌’లో సినిమా పేరునీ పాత్రల పేర్లనీ మ్యూట్‌ చేసుకోండి. ఇక, ముందే చూసొచ్చినవాళ్లు చేయాల్సింది ఒక్కటే... ‘ఎలా ఉంది?’ అని అడిగితే ‘బాగుంది’ అని ఊరుకోవడం!